నాలుగో నంబరు ట్యాంకరు, నిర్జల ఏకాదశి

జ్యేష్ఠమాసం. మహోబా దాటితే
రాళ్ళు కూడా నోరు తెరుచుకునే ఉంటాయి.
నాది నాలుగో నంబరు ట్యాంకరు.
ఆరు వేల లీటర్లు, ఒక కారే వాల్వు,
మూడు రోజులకోసారి ఈ ఊరు.

హారన్ కొట్టకముందే వరస ఉంటుంది.
మనుషులు నీడలో, డబ్బాలు ఎండలో.
ఏ డబ్బా ఎవరిదో ఎండకి కూడా తెలుసు.

ఇవాళ తోపులాట లేదు.
ఆడవాళ్ళ పెదవులు తెల్లగా పొరలు కట్టి,
తిట్లు కూడా పొదుపుగా వాడుతున్నారు.
తెల్లవారకముందు నుంచి గుక్కెడు మింగలేదు.
రేపు ద్వాదశి పొద్దు పొడిచేదాకా మింగరు.

భీముడి వ్రతమట ఇది.
ఏడాదికి ఇరవై నాలుగు ఏకాదశులు నావల్ల కాదు,
నా కడుపులో ఉన్నది నిప్పు, అని ఆయన మొత్తుకుంటే
వ్యాసుడు బేరం కుదిర్చాడట:
ఒక్కటి చెయ్యి, నీళ్ళు కూడా మానెయ్యి,
అన్నిటి ఫలమూ అందులోనే.
టోకు బేరం. మా ట్యాంకరు సేఠ్‌కి నచ్చుతుంది.

బిట్టన్ బువా పైపు పట్టుకుని
నా వైపు చూడకుండానే లెక్క చెప్పింది:
"ఆచమనానికి మాత్రం సందుంది.
ఒక్క మినపగింజ మునిగేంత.
అంతకు మించితే వ్రతం పోతుంది."
అప్పటికే నా వాల్వు అడుగున
మినప చేను మునిగేంత కారుతోంది.
దాని కింద చెంబు పెట్టింది.
దూడకట.

నా నోరు ఊరుకోదు కదా, అన్నాను:
"నీళ్ళు రాని రోజు ఎలాగూ తాగరు.
వచ్చిన రోజు కూడా మానేస్తే ఎలా బువా?"

పైపు పక్క డబ్బాలోకి మార్చింది.
అది సగం నిండేదాకా జవాబు లేదు.

"మిగతా రోజుల్లో దాహం నన్ను పట్టుకుంటుంది రా.
ఇవాళ ఒక్కరోజు
నేను దాన్ని పట్టుకుంటాను."

పొద్దు వాలేలోపు దానం చెయ్యాలి.
కొత్త మట్టికుండ నిండా నీళ్ళు,
మూత మీద ఖర్బూజా పండు,
పిడికెడు చక్కెర పొట్లం, వెదురు విసనకర్ర.
పుచ్చుకోవాల్సిన పండిత్‌జీ
మోకాలి ఆపరేషనని ఝాన్సీ ఆస్పత్రిలో ఉన్నాడు.
ఆమె వీధి ఈ చివర చూసింది, ఆ చివర చూసింది.
తర్వాత నన్ను చూసింది.

"హల్కే, దిగు."

మేము వెదురు పనివాళ్ళం.
ఈ గడప ముందు దాహమంటే
దోసిలి పట్టాలి, పైనుంచి పోస్తారు,
మోచేతుల మీదుగా సగం నేలే తాగుతుంది.
కుండ చేతికివ్వడం ఎరగను.

ఇచ్చింది. అంచు కొంగుతో తుడిచి మరీ.
ప్రేమ అనుకోకండి,
"ఎవరో ఒకరికి ఇవ్వాలి కదా" అని విసుక్కుంది కూడా.
చేతులు వణికాయి.
అది ఉపవాసం వణుకో, ఇంకేమిటో
ఆమెకే తెలియాలి.

నేను తెచ్చిన నీళ్ళే. నాకే దానం.
విసనకర్ర తిప్పి చూశాను,
పిడి దగ్గర ఎర్ర దారం ముడి.
మా అమ్మ ముడి.
సంతలో పది రూపాయలకి ఇచ్చేసి ఉంటుంది.

నిండుకుండ తొణకదంటారు.
అన్నవాళ్ళు చరఖారీ రోడ్డు చూసి ఉండరు.
వెనక ట్యాంకరు ఖాళీగా డబడబలాడుతోంది,
పక్క సీట్లో నా తువ్వాలే చుట్టకుదురు.
ప్రతి గుంతకీ బ్రేకు వేశాను.
ఆరు వేల లీటర్లకి ఎన్నడూ వెయ్యలేదు అలా.

కుండ చెమర్చింది.
కేబిన్ అంతా తొలకరి వాసన.
గొంతు పిడచ కట్టుకుపోతోంది.
బోరు దగ్గర కరెంటు లేదు,
నా ముందు పదకొండు ట్యాంకర్లు.
డ్రైవర్లు అప్పటికే గురకలు.

మూత మీద చెయ్యి వేశాను.
తీశాను.

తూర్పు తెల్లబడేదాకా
అలాగే కూర్చున్నాం ఇద్దరం,
నేనూ, కుండా.